పటం కింద రెండు పేర్లు

మన సంఘాల సంచికల్లో చరిత్ర వ్యాసం అనగానే ఒక వరస ఉంటుంది. పద్మశాలీలమైతే భావనా ఋషితో, దేవాంగులమైతే దేవల మహర్షితో మొదలుపెడతాం. వలస వచ్చిన ఊళ్లు, కట్టుకున్న గుళ్లు, పిల్లల చదువు కోసం హాస్టళ్లు పెట్టిన పెద్దలు, ఇలా ఒక్కొక్కటీ చెప్పుకుంటూ ఈనాటికి వస్తాం. ఆ వరస మంచిదే, దాన్ని మానుకోవాలని ఎవరూ అనరు. కానీ అందులోంచి ఒక సంగతి ఎప్పుడూ జారిపోతూనే ఉంది. నేసిన బట్ట గురించి చెబుతాం, నేయించిన రాజు గురించి చెబుతాం, నేసిన మనిషి పేరు దగ్గరికి వచ్చేసరికి నోరు మెదపం. చెప్పకూడదని ఎవరికీ లేదు. రాసిపెట్టుకున్నది లేక చెప్పలేకపోతున్నాం.

అందుకే ఈ ఏడు బెంగళూరులో మన కాలంలోనే జరిగిన ఒక పనిని గురించి రాస్తున్నాం. ఎస్.జి. వాసుదేవ్ గారు ఈ నగరంలో ఎంతో పేరున్న చిత్రకారులు. ఆయన బొమ్మల్ని పట్టు దారంతో, గోడకు వేలాడదీసే పటాలుగా నేసినవారు సుబ్బరాయలు గారు. 1990ల నుంచి సాగిన ఆ పనిలో చిత్రకారుడి పేరుతో పాటు నేసినవారి పేరూ చెప్పుకుంటూ వచ్చారు. చూడ్డానికి ఇది చిన్న సంగతే. మగ్గాన్ని నమ్ముకున్న మనకు మాత్రం చిన్నది కాదు. ఎందుకో కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

పేటలో మన లెక్క

1537లో కెంపేగౌడ కోట కట్టి పేటలు ఏర్పరచినప్పటి నుంచీ ఈ ఊరు వర్తకం ఊరే. ఆ వర్తకంలో బట్టది పెద్ద వాటా. చిక్కపేట, నగర్తపేట, కబ్బన్‌పేట సందుల్లో మగ్గం చప్పుడు వినిపించని ఇల్లు ఉండేది కాదని మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఊరి చుట్టూ దొడ్డబళ్లాపుర, ఆనేకల్ లాంటి చోట్ల కూడా నేత కుటుంబాలు స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, మగ్గం దగ్గర రెండూ కలిపిన మాట. మనకది కొత్త కాదు.

టిప్పు సుల్తాన్ పతనమైన మరుసటి ఏడు, 1800లో, ఫ్రాన్సిస్ బుకానన్ అనే డాక్టరు కంపెనీ ప్రభుత్వం తరఫున మైసూరు రాజ్యమంతా తిరిగాడు. ఆయన రాసిన మూడు సంపుటాల పుస్తకం 1807లో లండన్‌లో అచ్చయింది. బెంగళూరు నేతగాళ్ల గురించి అందులో చాలా వివరంగా రాశాడు. దేవాంగులు, తొగటలు, పట్టు నేసేవారు ఎవరెవరు, ఎవరు ఏ రకం బట్ట నేస్తారు, ఎంతకు అమ్ముతారు, రంగులు ఎలా వేస్తారు, ఇవన్నీ ఉన్నాయి. మన పూర్వీకుల గురించి అంత ఓపిగ్గా రాసినందుకు ఆయనకు దండం పెట్టాలి. అయితే అదంతా కులాలవారీగా, సరుకులవారీగా రాసిన లెక్క. రాజ్యానికి కావలసింది ఆ లెక్కే. ఫలానా వీధిలో ఫలానా అంచును ఫలానా మనిషి అందంగా నేసేవాడని ఎవరో ఒకరు రాసి ఉంటే ఈరోజు మన చరిత్ర ఇంకో రకంగా ఉండేది.

ఇది మన దేశంలోనే ఉన్న సంగతీ కాదు. 1515లో పోప్ పదో లియో సిస్టీన్ చాపెల్ గోడల కోసం నేత పటాలు కావాలని రాఫెల్‌ను అడిగాడు. రాఫెల్ కాగితం మీద నిలువెత్తు బొమ్మలు వేసి ఇస్తే, బ్రస్సెల్స్‌లో పీటర్ వాన్ ఆల్స్ట్ అనే ఆయన కార్ఖానాలో వాటిని ఉన్నితో, పట్టుతో, జరీతో నేశారు. 1519 చివరికి మొదటి ఏడు పటాలు గోడకెక్కాయి. బొమ్మలు వేసినందుకు రాఫెల్‌కు ఇచ్చిన సొమ్ముకన్నా నేతకైన ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ. రాఫెల్ పేరు లోకమంతా తెలుసు. కార్ఖానా యజమాని పేరు పుస్తకాల్లో ఉంది. ఏళ్ల తరబడి మగ్గం ముందు కూర్చున్న చేతులు ఎవరివో సామాన్యంగా ఎవరూ చెప్పుకోరు. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్లు ఊరికే అనలేదు.

గుడ్డ అమ్మి కట్టిన ఊరు

ఇప్పుడు వాసుదేవ్ గారి సంగతికి వద్దాం. ఆయన 1941లో మైసూరులో పుట్టారు. కుర్రతనంలో వ్యంగ్య చిత్రాలు గీసేవారు. కళావిమర్శకులు జి. వెంకటాచలం గారు ఆ గీతలో సత్తా చూసి, పద్ధతిగా నేర్చుకొమ్మని ప్రోత్సహించారు. అలా 1960లలో మద్రాసు ప్రభుత్వ చిత్రకళా కళాశాలలో చేరారు. అక్కడ ప్రిన్సిపాలు కె.సి.ఎస్. పణికర్. మన దేశపు బొమ్మ మన మట్టిలోంచి రావాలి, పడమటి దేశాల బొమ్మకు నకలు కాకూడదు అని శిష్యులకు నూరిపోసిన గురువు ఆయన.

చదువు అయిపోయాక ఏం చేసి బతకాలి అనే ప్రశ్న ఆ శిష్యులందరికీ వచ్చింది. బొమ్మలు కొనేవాళ్లు ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఉద్యోగంలో చేరితే బొమ్మ వేసే తీరిక ఉండదు. అప్పుడు వాళ్లు ఆశ్రయించింది గుడ్డను. అందరూ కలిసి ఒక సంఘంగా ఏర్పడి బాతిక్ పని మొదలుపెట్టారు. గుడ్డ మీద మైనంతో బొమ్మ గీసి, రంగులో ముంచి, మైనం కరిగించి, మళ్లీ గీసి మళ్లీ ముంచే పని అది. మైనం ఉన్నచోట రంగు ఎక్కదు. నూలుకు ముడులు కట్టి రంగులో ముంచే చిటికీ పని తెలిసిన మనవాళ్లకు ఆ కిటుకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ గుడ్డలు బాగా అమ్ముడుపోయాయి. వచ్చిన సొమ్ముతో మద్రాసుకు దక్షిణంగా సముద్రపు ఒడ్డున, ఇంజంబాక్కం దగ్గర భూమి కొన్నారు. 1966లో అక్కడ చోళమండలం కళాకారుల గ్రామం వెలిసింది. దాన్ని నిలబెట్టినవారిలో వాసుదేవ్ గారు ఒకరు. ప్రభుత్వం ఇచ్చిన స్థలం కాదు, దాత ఇచ్చిన విరాళం కాదు. పగలు చేతిపని చేసి పొట్ట నింపుకుని, మిగిలిన వేళ తమకు నచ్చిన బొమ్మ వేసుకున్న ఊరు అది. ఈరోజు దేశవిదేశాల నుంచి జనం వెళ్లి చూసే ఆ కళాగ్రామానికి పునాది రాయి ఏదంటే గుడ్డే అని మనం ధైర్యంగా చెప్పుకోవచ్చు.

మగ్గం దగ్గరికి వచ్చిన చిత్రకారులు

దాదాపు ఆ కాలంలోనే ప్రభుత్వం కూడా చిత్రకారుల్ని మగ్గం దగ్గరికి తెచ్చింది. పుపుల్ జయకర్ గారి చొరవతో 1956 నుంచి దేశంలోని పెద్ద పట్టణాల్లో నేత సేవా కేంద్రాలు వచ్చాయి. వీవర్స్ సర్వీస్ సెంటర్ అంటే మన ఇళ్లలో తెలియనివాళ్లు ఉండరు. కొత్త డిజైన్లు, రంగుల పాళ్లు, మగ్గంలో మార్పులు అక్కడి నుంచే మనకు అందాయి. కె.జి. సుబ్రమణ్యన్, ప్రభాకర్ బర్వే, జోగేన్ చౌధురి వంటి పెద్ద పెద్ద చిత్రకారులు చేనేత సంస్థల్లో కొన్నేళ్లు ఉద్యోగం చేశారు. మన తెలుగువాడు ఎం. రెడ్డెప్ప నాయుడు కూడా మద్రాసు కేంద్రంలో పనిచేశారు. మహాభారతాన్ని, దేవతామూర్తుల్ని కొత్త రకంగా చిత్రించిన ఆయన పగటి ఉద్యోగం చేనేతకు డిజైన్లు వేయడమే.

ఈ కేంద్రాలు మనకు మేలు చేశాయి. కాదనలేం. అయితే అక్కడ స్థిరపడిపోయిన ఒక పద్ధతిని కూడా గుర్తించాలి. డిజైన్ పై నుంచి కాగితం మీద వస్తుంది, కింద కూర్చున్న మనిషి దాన్ని నేస్తాడు. ఆలోచన కాగితానిది, కష్టం మగ్గానిది అన్నట్టు తయారైంది. మన కుర్రాళ్లు కూడా అదే నమ్మారు. అప్పటిదాకా మన తాతలు అంచు ఎలా ఉండాలో, బుటా ఎక్కడ పడాలో మనసులోనే అనుకుని పడుగు మీదికి దింపేవారు. డిజైన్ అనే మాట వాళ్లకు తెలియకపోవచ్చు గానీ, ఆ పని అంతా వాళ్లదే.

ఒకే ఊళ్లో కుంచె, నాడె

చోళమండలంలో ఉన్నప్పుడే వాసుదేవ్ గారికి బెంగళూరు సాహిత్య, సినిమా రంగాలతో సంబంధం ఏర్పడింది. 1970లో వచ్చిన సంస్కార సినిమాకు కళాదర్శకత్వం ఆయనదే. ఆ సినిమా తీసింది ఎవరో కాదు, మన నెల్లూరు వాడు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. 1939లోనే ఫిడేలు రాగాల డజన్ రాసి తెలుగు కవిత్వంలో గగ్గోలు పుట్టించిన ఆ పట్టాభి, యు.ఆర్. అనంతమూర్తి కన్నడ నవలను సినిమాగా తీసి జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి తెచ్చారు. తెలుగు కవి, కన్నడ రచయిత, మైసూరు చిత్రకారుడు ఒకచోట చేరితే ఏం వస్తుందో ఆ సినిమా చూపించింది. భాషలు కలగలిసిన బెంగళూరులో బతికే మనకు అది సహజంగానే తోస్తుంది.

వాసుదేవ్ గారి భార్య ఆర్నవాజ్ కూడా చోళమండలం చిత్రకారిణే. 1988లో ఆమె కన్నుమూశారు. ఆ ఏడాదే ఆయన బెంగళూరు వచ్చి స్థిరపడ్డారు. ఆమె పేరిట కళా విద్యార్థులకు ఉపకార వేతనాలు ఏర్పాటు చేశారు. మామూలు జనానికి బొమ్మను చూడడం నేర్పాలని ఈ ఊళ్లో అనన్య దృశ్య కార్యక్రమాలు నడిపారు. ఒకవైపు తైలవర్ణాలు, రేఖాచిత్రాలు, రాగి రేకు మీద ఉబ్బెత్తు బొమ్మలు సాగుతూనే ఉన్నాయి. వృక్షం ఆయనకు ఇష్టమైన వస్తువు. బేంద్రే కవిత్వంలోని కల్పవృక్షం ఆయన బొమ్మల్లో కొమ్మలు వేసింది. ఆ చెట్టులోనే పిట్టలు, మనుషులు, ముఖాలు, ఆడామగా జంటలు అల్లుకుని కనిపిస్తారు. మానవ ముఖాలతో వేసిన చిత్రాలు, జీవన రంగస్థలం పేరుతో వేసినవి ఆ తర్వాతి కాలానివి.

ఆ బొమ్మలు పట్టులోకి రావాలనుకున్నప్పుడు ఆయన సుబ్బరాయలు గారి దగ్గరికి వచ్చారు.

బొమ్మ నేయడం అంటే ఏమిటి

ఇక్కడ మన పిల్లల కోసం పని సంగతి కొంచెం విప్పి చెప్పాలి. ఇప్పటి పిల్లలు చాలామంది కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. బొమ్మను స్కాన్ చేసి జాకార్డ్‌కు ఎక్కిస్తే సరిపోదా అంటారు. ఇది ఆ పని కాదు.

మామూలు బట్టలో పేక ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒక్క పరుగున పోతుంది. టాపెస్ట్రీ అనే పటం నేతలో పేక అలా పోదు. ఏ రంగు ఎక్కడిదాకా కావాలో అక్కడిదాకే వెళ్లి వెనక్కి తిరుగుతుంది. ఒక్క వరసలో పది రంగులుంటే పది చిన్న కండెలు చేతిలో ఆడాలి. పేకను దగ్గర దగ్గరగా కొట్టి పడుగు కనిపించకుండా కప్పేస్తారు. బొమ్మంతా పేకదే, పడుగు లోపల ఎముకలా ఉంటుంది. రెండు రంగులు కలిసేచోట ఒకదాన్ని ఒకటి పట్టుకునేలా మెలివేయాలి, లేకపోతే అక్కడ చీలిక వస్తుంది. గద్వాల చీరలో నూలు ఒంటికీ పట్టు అంచుకూ లంకె వేసే కుప్పడం పని చూసినవారికి ఈ చిక్కు ఏమిటో ఇట్టే అర్థమవుతుంది. అక్కడ లంకె అంచు పొడుగునా ఒకేచోట. ఇక్కడ బొమ్మ గీత ఎటు వంకర తిరిగితే అటు.

రంగు సంగతి ఇంకా కష్టం. చిత్రకారుడు పచ్చలో కొంచెం పసుపు కలిపి పలకమీద రుద్దితే కొత్త రంగు వస్తుంది. నేతలో రంగులు అలా కలవవు. పక్కపక్కనే ఉన్న రెండు పోగులు దూరం నుంచి చూసే కంటిలో కలవాలి. అందుకని వేర్వేరు ఛాయల దారాల్ని జతచేసి ఒకే కండెకు చుట్టుకోవాలి, ఒక రంగు వరసను ఇంకో రంగులోకి పళ్లు పళ్లుగా చొప్పించాలి. పైగా పట్టు వెలుతురును బట్టి మెరుస్తుంది. కాగితం మీద ముదురుగా ఉన్నది పట్టులో తేలిపోవచ్చు, చిన్న చుక్క పెద్ద దీపంలా వెలగవచ్చు. ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ పెంచాలి అన్న తీర్పు ప్రతి వరసలోనూ నేసేవాడిదే.

అన్నిటికన్నా పెద్ద కష్టం ఇంకొకటుంది. చిత్రకారుడు నాలుగడుగులు వెనక్కి వేసి బొమ్మ మొత్తం చూసుకోగలడు. నచ్చకపోతే మీద ఇంకో పూత పూస్తాడు. పొడవైన పటం నేసేటప్పుడు నేసినంత మేరా దోనెకు చుట్టుకుపోతూ ఉంటుంది. కళ్లముందు ఉండేది జానెడు మూరెడు మాత్రమే. కింద నేసిన చెట్టు మొదలును మనసులో ఉంచుకుని పైన కొమ్మ నేయాలి. మగ్గం నుంచి కోసి దింపేదాకా పటం మొత్తంగా కంటికి కనిపించదు. అప్పుడు తప్పు కనబడితే చేసేదేమీ లేదు. కాబట్టి చిత్రకారుడి బొమ్మ మగ్గం మీదికి వచ్చాక మళ్లీ ఇంకోసారి నేతగాడి తలలో పుట్టాలి. దీన్ని నకలు అనడం అన్యాయం.

వాసుదేవ్ గారి గొప్పతనం ఏమిటంటే ఈ సంగతి ఆయన గ్రహించారు. పటాల విషయంలో సుబ్బరాయలు గారిని పనివాడిగా చూపకుండా తోడుగా చూపారు. 2018లో బెంగళూరు ప్యాలెస్ రోడ్డులోని జాతీయ ఆధునిక కళా మందిరంలో సదానంద్ మేనన్ గారి నిర్వహణలో వాసుదేవ్ గారి జీవితకాలపు పనిని ఒకచోట ప్రదర్శించారు. తైలవర్ణాలు, గీతలు, రాగి పని సరసన పట్టు పటాలకూ చోటు దక్కింది. చీరగా అయితే బీరువాలో ఉండిపోయే నేత, కళగా గోడకెక్కింది.

పేరు కూడు పెడుతుందా

మనలో కొందరు పెద్దలు అడిగే ప్రశ్న ఒకటుంది. పేరు రాస్తే కూలి పెరుగుతుందా, పొట్ట నిండుతుందా అని. సరైన ప్రశ్నే. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనుల్లో ఉన్నవారు 35 లక్షల పైచిలుకు. వారిలో మూడింట రెండు వంతుల కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. ఇలాంటి స్థితిలో పేరు గురించి మాట్లాడడం కడుపు నిండినవాడి కబుర్లని కోపం వస్తే తప్పులేదు. చిత్రకారుడి పటానికి గ్యాలరీలో దొరికే ధర మన చీరకు దొరకదు. ఒక్క సుబ్బరాయలు గారికి దక్కిన చోటు వెయ్యి మంది నేతన్నలకు దక్కదు. ఇదంతా నిజం.

అయినా పేరుకూ కూలికీ లంకె ఉందని మేం నమ్ముతున్నాం. పేరు లేని పనికి ధర కట్టేది ఎప్పుడూ అవతలివాడే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మైసూరు సిల్కుకూ, ఇళకల్లు చీరకూ, మొళకాల్మూరు చీరకూ ఆ గుర్తింపు ఉంది. దానివల్ల ఊరి పేరు నిలబడింది, నకిలీలను నిలదీసే హక్కు వచ్చింది. ఊరి పేరు దక్కిన చోట మనిషి పేరు ఇంకా దక్కలేదు. పుట్టపాక నుంచి గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ వచ్చినప్పుడు మన సంఘాలన్నీ పండగ చేసుకున్నాయి. ఆ పండగలో ఉన్నది డబ్బు ఆనందం కాదు. మనవాడి పేరు పలికారన్న ఆనందం.

ఇంకో మాట. ఆ గణన లెక్కల్లోనే నేసేవారిలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లని తేలింది. కండెలు చుట్టేదీ, ఆసు పోసేదీ, పడుగుకు గంజి పెట్టేదీ మన ఇళ్లలో అమ్మలూ అక్కలే. మగ్గం మీద కూర్చున్న మగవాడి పేరే బయటికి రాకపోతే ఇక వాళ్ల పేరు ఎవరికి గుర్తుంటుంది? చిత్రకారుడు నేతగాడి పేరు చెప్పినట్టు, నేతగాడు కండె చుట్టిన చేతి పేరు చెప్పాలి. న్యాయం పై నుంచి కిందికి దిగుతూ పోవాలి కదా.

కాబట్టి ఈ సంచిక ద్వారా మనం మనకే చెప్పుకోవలసినవి రెండు మాటలున్నాయి. మొదటిది, మన ప్రదర్శనల్లో, అమ్మకాల్లో పెట్టే ప్రతి చీరకూ ధర చీటీతో పాటు ఇంకో చీటీ కట్టాలి. రంగు వేసినవారు, పడుగు పోసినవారు, అచ్చు అతికినవారు, నేసినవారు ఎవరో అందులో రాయాలి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఖర్చు కాగితం ముక్కంత. రెండోది, 70 ఏళ్లు దాటిన నేత పెద్దలు మన ప్రతి శాఖలోనూ ఉన్నారు. వాళ్లు ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు, ఏ రకం నేశారు, ఏ అంచు వాళ్ల సొంతం అన్నది ఫోనులో రికార్డు చేసి దాచాలి. ఇప్పుడు మన సంచిక కాగితం మీద కాక తెర మీద వస్తోంది కాబట్టి చోటు చాలదన్న సాకు కూడా లేదు. పిల్లలు ఈ పని రెండు ఆదివారాల్లో చేయగలరు.

వాసుదేవ్ గారికి ఈ వ్యాసం ద్వారా మన నమస్కారం. తన పటం మీద ఇంకొకరి పేరుకు చోటిచ్చారు, అందుకు. సుబ్బరాయలు గారికి అంతకన్నా పెద్ద నమస్కారం. ఆ చోటు నేతకు ఎందుకు దక్కాలో పట్టులో నేసి చూపించారు, అందుకు. మిగిలిన పేర్లు మన ఇళ్లలోనే ఉన్నాయి. వాటిని రాసిపెట్టే పని బుకానన్ చేయలేదు, ఇంకెవరో వచ్చి చేయరు. మనమే చేసుకోవాలి.